గడ్డకట్టే నేలపై ఇంటి ఆవరణ: శీతల ప్రాంత గృహ పరిసరాల రూపకల్పనలో నేల, నీరు, మొక్క

ప్రస్తావన

అమెరికాలోని మినియాపోలిస్ నగరానికి దక్షిణాన ఉన్న ఒక శివారు పట్టణంలో మా తమ్ముడు నివసిస్తున్నాడు. 2022 జూలైలో నేను అక్కడికి వెళ్లినప్పుడు, పెరట్లో పాటియో, అనగా కూర్చోవడానికి వీలైన రాతి పరుపు వేయించాలని వారు యోచిస్తున్నారు. వచ్చిన గుత్తేదారు అడుగు లోతు తవ్వి కంకర పునాది వేయాలనీ, దానివల్ల ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుందనీ చెప్పాడు. "అన్నయ్యా, ఇన్నేళ్లుగా నేలల గురించి పాఠాలు చెబుతున్నావు కదా, నువ్వేమంటావు?" అని తమ్ముడు నన్నడిగాడు. పచ్చిక గీకి, నేల చదునుచేసి, నాలుగు అంగుళాల ఇసుక పరచి, దానిపై పేవర్ బ్లాకులు పేర్చితే చాలునని నేను చెప్పాను. మా ఇంటి ముందు పదిహేనేళ్ల క్రితం అలాగే వేయించాను; నేటికీ అది చెక్కుచెదరలేదు. గుత్తేదారు చెప్పినది అనవసరపు ఖర్చని తేల్చినవాడిని నేనే.

2023 ఏప్రిల్‌లో మంచు కరగగానే ఫలితం బయటపడింది. పాటియో తోట వైపు అంచు రెండు అంగుళాలు పైకి లేచింది. పన్నెండు అడుగుల వెడల్పుకు నేను సూచించిన వాలు ఒక అంగుళమే కావడంతో, వాలు తిరగబడి మంచునీరు ఇంటి బేస్‌మెంట్ గోడ వైపు పారసాగింది. గుంటూరు నుంచి కూతురిని చూడవచ్చిన తమ్ముని అత్తగారు, డెబ్బై రెండేళ్ల పెద్దావిడ, లేచిన బ్లాకు అంచు కాలికి తగిలి పడిపోగా మణికట్టు ఎముక విరిగింది.

ఒక వాతావరణంలో సరైనదని నిరూపితమైన సిఫార్సును మరొక వాతావరణానికి, అక్కడి నేలను పరీక్షించకుండానే తరలించాను. విస్తరణ రంగంలో పనిచేసేవారికి ఈ పొరపాటు కొత్తది కాదు. ఆ ఏడాది వేసవిలో పాటియోను విప్పి మళ్లీ వేయించే సందర్భంలో నేను తెలుసుకున్న విషయాలను, వాటి వెనుకనున్న నేల శాస్త్రాన్ని, మొక్కల శరీరధర్మ శాస్త్రాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. శీతల దేశాలలో స్థిరపడిన బంధువులు లేని తెలుగు కుటుంబాలు నేడు తక్కువ. వారి నుంచి ఇటువంటి ప్రశ్నలు మన శాస్త్రవేత్తలకు తరచుగా వస్తున్నాయి. అంతేకాక, ఈ సమస్యకు మన నల్లరేగడి నేలలతో దగ్గరి పోలిక ఉంది.

ప్రాంతం - వాతావరణం

మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు మినెసోటా రాష్ట్రంలో 45 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉన్నాయి. వార్షిక అవపాతం సుమారు 800 మిల్లీమీటర్లు; ఇది హైదరాబాదు వర్షపాతానికి దాదాపు సమానం. అయితే జనవరి సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్. నవంబరు నుంచి మార్చి వరకు కురిసేదానిలో అధిక భాగం మంచురూపంలో నేలపై నిలిచి, మార్చి, ఏప్రిల్ మాసాల్లో కొద్ది వారాల వ్యవధిలో నీరవుతుంది. 2022-23 చలికాలంలో అక్కడ 90.3 అంగుళాల మంచు కురిసింది; నమోదైన చలికాలాలలో అది మంచు అత్యధికంగా పడిన వాటిలో మూడవది. అనుభవం లేని నా సలహాకు ఆ ఏడాదే పరీక్ష ఎదురైంది.

చలికాలంలో నేల పైనుంచి కిందికి గడ్డకడుతుంది. అది ఎంత లోతు వరకు గడ్డకట్టవచ్చునో పరిగణించి, భవన పునాదుల కనీస లోతును మినెసోటా రాష్ట్ర నిబంధనలు నిర్దేశించాయి. రాష్ట్ర ఉత్తర మండలంలో అది 60 అంగుళాలు. జంట నగరాలతో కూడిన దక్షిణ మండలంలో 42 అంగుళాలు, అనగా మూడున్నర అడుగులు. మన రాష్ట్రాలలో లంబసింగి వంటి ఏజెన్సీ గ్రామాలలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువైనా, ఉదయపు పొగమంచు తొలగగానే నేల మళ్లీ వెచ్చబడుతుంది. నేల లోపల గడ్డకట్టడమనేది మన అనుభవంలో లేదు. నా పొరపాటుకు మూలం అదే.

నేల ఎందుకు ఉబ్బుతుంది?

నీరు మంచుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నేల ఉబ్బడానికి ఇదే కారణమని చాలాకాలం భావించారు. నేనూ అలాగే చెప్పేవాడిని. దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని మార్చాయి. గడ్డకట్టినప్పుడు వ్యాకోచించక సంకోచించే బెంజీన్ వంటి ద్రవంతో మట్టిని తడిపి ఆయన గడ్డకట్టించాడు. అప్పుడు కూడా మట్టి ఉబ్బింది. కనుక ఉబ్బుకు ప్రధాన కారణం ఉన్న నీరు వ్యాకోచించడం కాదని, దిగువనుండి కొత్త నీరు వచ్చి చేరడమేనని తేలింది.

ప్రక్రియ ఈ విధంగా సాగుతుంది. గడ్డకట్టే సరిహద్దు వద్ద పలుచని మంచు పొర ఏర్పడుతుంది. మట్టి రేణువుల చుట్టూ గడ్డకట్టని పలుచటి నీటి పొరలు మిగిలి ఉంటాయి. మంచు పెరిగేకొద్దీ అక్కడ చూషణ శక్తి ఏర్పడి, దిగువ తేమను కేశికాకర్షణ మార్గంలో పైకి లాగుతుంది. వేసవిలో నేల పైపొర ఆరినప్పుడు కింది తేమ పైకి ఎగబాకడాన్ని మనం విద్యార్థులకు బోధిస్తాము. ఇక్కడ ఆవిరి స్థానంలో మంచు ఉన్నది, అంతే. వచ్చిన నీరు గడ్డకట్టి మంచు పొర మందమవుతుంది. ఆ పొర తనపైనున్న మట్టిని, రాయిని, మెట్లను పైకెత్తుతుంది. అటువంటి పొరలు ఒకదాని కింద ఒకటి అనేకం ఏర్పడవచ్చు.

ఈ ఉబ్బుకు మూడు షరతులు ఏకకాలంలో నెరవేరాలి: గడ్డకట్టే ఉష్ణోగ్రత, అనువైన నేల, నీటి సరఫరా. నేల విషయంలో ఒండ్రు రేణువులు, అనగా సిల్ట్ అధికంగా ఉన్న నేలలే అత్యంత ప్రమాదకరం. ముతక ఇసుకలో నీరు సులభంగా కదలగలదు గాని దానిని పైకిలాగే చూషణ శక్తి తక్కువ. బంకమట్టిలో చూషణ ఎక్కువే గాని నీటి కదలిక మందకొడిగా ఉంటుంది. సిల్ట్‌లో రెండూ తగినంతగా ఉంటాయి. ఆర్థర్ కాసాగ్రాండే 1931లో ప్రతిపాదించిన ప్రమాణం ప్రకారం, వివిధ పరిమాణాల రేణువులు కలిసిన నేలలో 0.02 మిల్లీమీటరు కంటే సన్నని రేణువులు 3 శాతం మించితే ఉబ్బే స్వభావం ఉన్నట్లు భావించాలి. ఒకే పరిమాణపు రేణువులున్న నేలలో ఆ హద్దు 10 శాతం.

తమ్ముని పెరటిలో నేను పరచమన్న ఇసుక కింద ఉన్నది సిల్ట్ లోమ్. సాగుకు అంతకన్న మంచి నేలను కోరుకోలేము. నీటిని నిలుపుకొనే ఆ గుణమే పాటియోకు శత్రువైంది. నీటి సరఫరా కూడా మేమే సమకూర్చాము. కప్పుపై నుంచి దిగే చూరు నీటి గొట్టం ఆ తోట వైపు అంచు వద్దనే తెరుచుకుంటుంది. పైగా చలికాలమంతా తమ్ముడు పాటియోపై మంచును పారతో ఊడ్చివేశాడు. మంచు దుప్పటివలె నేల వేడిని కాపాడుతుంది. దానిని తొలగించిన చోట చలి మరింత లోతుకు దిగుతుంది. ఊడ్చిన మంచును అదే అంచున పోగుచేయగా, ఎండ పొడిచిన రోజుల్లో కరిగిన నీరు మళ్లీ ఆ నేలలోనికే ఇంకింది.

వసంతంలో మరొక ఇబ్బంది ఎదురవుతుంది. నేల పైనుంచి కరుగుతుంది గాని దిగువ పొర ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీరు కిందికి ఇంకే దారిలేక పైపొర బురదవుతుంది. దాని భార వాహకశక్తి బాగా తగ్గుతుంది. మినెసోటా రహదారులపై ప్రతి వసంతంలో భారీ వాహనాల బరువుపై ఆంక్షలు విధించడానికి కారణం ఇదే. ఉబ్బిన బ్లాకులు ఆ దశలో సమంగా కాక, ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా కుంగుతాయి.

రెండు మార్గాలు

ఉష్ణోగ్రతను మనం మార్చలేము. కనుక శీతల ప్రాంతంలో ఇంటి ఆవరణ నిర్మాణానికి రెండే మార్గాలున్నాయి. మొదటిది, నేల కదలని లోతు వరకు దిగి పునాది వేయడం. రెండవది, నీటిని, సిల్ట్‌ను తొలగించి, మిగిలిన కొద్దిపాటి కదలికను తట్టుకొనే వదులైన నిర్మాణం చేయడం.

ఇంటికి అతికి ఉండే చెక్క డెక్కులకు, కప్పు ఉన్న వరండాలకు మొదటి మార్గం తప్పనిసరి. వాటి స్తంభాల పునాదులు జంట నగరాలలో 42 అంగుళాలు దిగాలి. అయితే లోతు ఒక్కటే సరిపోదు. గడ్డకట్టిన మట్టి స్తంభపు పక్కలను పట్టుకొని, అడుగు భాగం భద్రంగా ఉన్నప్పటికీ స్తంభాన్ని పైకి లాగుతుంది. అందువల్ల కాంక్రీటును నునుపైన గొట్టపు అచ్చులో పోస్తారు. అడుగున వెడల్పు చేసి నేలలో లంగరువలె నిలుపుతారు.

పాటియోలకు, నడకదారులకు, వాహనాల దారులకు రెండవ మార్గం అనుకూలం. అంత వైశాల్యానికి మూడున్నర అడుగుల పునాది వేయడం ఆర్థికంగా సాధ్యం కాదు. ఇసుకపై విడివిడిగా పేర్చిన పేవర్ బ్లాకులు కొద్దిగా కదిలినా పగలవు. అవసరమైతే లేపి సరిచేయవచ్చు. ఏకశిలవలె పోసిన కాంక్రీటు పలకకు ఆ సౌలభ్యం లేదు. ఈ రెండు మార్గాలను కలపరాదు. ఉదాహరణకు లోతైన పునాదిపై నిలిచిన మెట్లకు, నేలపై తేలే పాటియోను గట్టిగా బంధిస్తే కీలు వద్ద పగులు తప్పదు. రెండింటి మధ్య ఖాళీ వదలాలి.

పాటియో, నడకదారి నిర్మాణ క్రమం

2023 జూన్‌లో అదే గుత్తేదారును పిలిపించి, ఆయన మొదట చెప్పిన విధంగానే పని చేయించాము. క్రమం ఈ విధంగా ఉంది.

1. తవ్వకానికి ముందు 811 నంబరుకు ఫోన్ చేయాలి. భూగర్భంలోని గ్యాస్, విద్యుత్, టెలిఫోన్ మార్గాలను సంబంధిత సంస్థలవారు రుసుము లేకుండా గుర్తించి రంగుతో గీతలు వేస్తారు.

2. పైమట్టిని తొలగించి దాదాపు అడుగు లోతు తవ్వాలి. పాటియోకు 6 నుంచి 8 అంగుళాలు, వాహనాల దారికి 10 నుంచి 12 అంగుళాల కంకర పునాది సాధారణంగా అవసరమవుతుంది. తొలగించిన సారవంతమైన మట్టిని పారవేయక పూలమళ్లకు వాడాలి.

3. తవ్విన అడుగును దిమ్మిస చేసి, దానిపై జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచాలి. ఇది దిగువనున్న సిల్ట్ కంకరలోనికి ఎగబాకకుండా నిరోధిస్తుంది. వస్త్రం లేకుంటే కొన్నేళ్లలో కంకర కూడా సిల్ట్‌తో నిండి, ఉబ్బే గుణం సంతరించుకుంటుంది.

4. కోణాలున్న పగులగొట్టిన కంకరను మూడు నాలుగు అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరను ప్లేట్ కంపాక్టర్‌తో గట్టిపరచాలి. గుండ్రని గులకరాళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకోవు, అవి పనికిరావు.

5. దానిపై ఒక అంగుళం ముతక ఇసుక మాత్రమే పరచాలి. ఎత్తుపల్లాలను ఇసుకతో సరిచేయరాదు. వాటిని కంకర దశలోనే సరిచేయాలి.

6. అడుగుకు పావు అంగుళం చొప్పున, ఇంటికి దూరంగా వాలు ఉంచాలి. పన్నెండు అడుగులకు ఇది మూడు అంగుళాలు అవుతుంది.

7. అంచులను మేకులతో బిగించిన పట్టీలతో కట్టడి చేసి, బ్లాకుల సందులను ఇసుకతో నింపాలి. తడిసినప్పుడు బిగిసే పాలిమర్ ఇసుకను అక్కడ విరివిగా వాడుతున్నారు.

8. చూరు నీటి గొట్టాన్ని పొడిగించి, నీటిని పాటియోకు దూరంగా, దిగువకు మళ్లించాలి.

ఎనిమిదవ అంశానికి అయిన ఖర్చు అన్నింటికంటే తక్కువ. మొదటి ఏడాది ఆ ఒక్కటి చేసినా నష్టం కొంత తగ్గేదని నా అభిప్రాయం.

బ్లాకుల నాణ్యత కూడా ముఖ్యం. అమెరికా ప్రమాణాల ప్రకారం కాంక్రీటు పేవర్ బ్లాకుల సగటు సంపీడన బలం చదరపు అంగుళానికి కనీసం 8000 పౌండ్లు ఉండాలి. నీటిని పీల్చుకొనే గుణం సగటున 5 శాతం మించరాదు. రాయిలో చేరే నీరు ఎంత తక్కువైతే గడ్డకట్టి పగిలే అవకాశం అంత తక్కువ.

కాంక్రీటు, రిటైనింగ్ గోడలు

కాంక్రీటునే ఎంచుకున్నప్పుడు, గాలి బుడగలు కలిపిన మిశ్రమాన్ని వాడాలి. కలిపే దశలో ఒక రసాయనం చేర్చి, ఘనపరిమాణంలో సుమారు 6 శాతం వరకు కంటికి కనబడనంత సూక్ష్మమైన గాలి బుడగలను కల్పిస్తారు. రంధ్రాలలోని నీరు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఒత్తిడి ఆ బుడగలలోనికి విడుదలవుతుంది. ఈ జాగ్రత్త పాటించని కాంక్రీటు కొద్ది చలికాలాలలోనే పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది. కొత్తగా పోసిన కాంక్రీటుపై మొదటి చలికాలంలో మంచు కరిగించే లవణాలు చల్లరాదు.

వాలు నేలలో కట్టే రిటైనింగ్ గోడలు కూలడానికి కారణం సాధారణంగా రాతి బలహీనత కాదు. వెనుక నిలిచిన నీరు. గోడ వెనుక సుమారు 12 అంగుళాల వెడల్పున శుభ్రమైన కంకర నింపి, అడుగున రంధ్రాలున్న గొట్టం అమర్చి, నీటిని బయటకు పంపాలి. మొదటి వరుస రాళ్లను నేలలో పూడ్చాలి. ప్రతి వరుసను స్వల్పంగా వెనుకకు జరిపి పేర్చాలి. నాలుగు అడుగులు మించిన గోడకు అనుమతి, ఇంజనీరు రూపకల్పన అవసరం.

మంచును ఎక్కడ వేయాలి? ఉప్పు ఎంత వాడాలి?

మన వద్ద ఆవరణ ప్రణాళికలో వాననీటి మార్గాన్ని గుర్తిస్తాము. శీతల ప్రాంతంలో దానికి తోడు, ఊడ్చిన మంచును పోగుచేసే స్థలాన్ని కూడా పటంలో ముందే గుర్తించాలి. ఆ స్థలం ఇంటికంటే పల్లంగా ఉండాలి. అక్కడ పొదలు నాటరాదు. గడ్డి, చలికాలంలో పైభాగం ఎండిపోయే బహువార్షిక పూలమొక్కలు ఆ భారాన్ని తట్టుకుంటాయి. నడకదారి అంచులు పచ్చిక కంటే పైకి పొడుచుకొని ఉంటే మంచు తీసే యంత్రం వాటిని పెళ్లగిస్తుంది.

జారకుండా చల్లే సాధారణ ఉప్పు, అనగా సోడియం క్లోరైడు, సుమారు మైనస్ 9 డిగ్రీల కంటే చల్లబడితే సమర్థంగా పనిచేయదు. అటువంటి రోజుల్లో ఎక్కువ ఉప్పు చల్లడం వృథా. ఇసుక చల్లడం మేలు. ఒక చెంచాడు ఉప్పు ఐదు గ్యాలన్ల, అనగా సుమారు 19 లీటర్ల నీటిని కలుషితం చేయడానికి చాలునని, ఆ క్లోరైడును తిరిగి తొలగించడం దుస్సాధ్యమని మినెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది.

సోడియం నేలకు చేసే హాని మన చౌడు నేలలు ఎరిగినవారికి వివరించనవసరం లేదు. మట్టి కణాల సముదాయాలు విచ్ఛిన్నమై, నేల బిగిసి, నీరు ఇంకదు. రహదారి పక్కన వాహనాలు చిమ్మే ఉప్పునీరు చెట్ల ఆకులను, మొగ్గలను మాడుస్తుంది. తూర్పు తెల్ల పైన్ వృక్షం దీనికి మిక్కిలి సున్నితం. దానిని రోడ్డు పక్కన నాటరాదు.

మొక్కల ఎంపిక

మొక్కల ఎంపికకు అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన శీతల సహన మండలాల పటం ప్రాథమిక ఆధారం. దీనిలో 13 మండలాలున్నాయి. ఒక్కొక్కటి రెండు ఉపమండలాలుగా విభజింపబడింది. ఏటా నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు ఈ విభజనకు ప్రాతిపదిక. 4వ మండలంలో అది మైనస్ 34.4 నుంచి మైనస్ 28.9 డిగ్రీల సెల్సియస్. 1991-2020 సంవత్సరాల సమాచారంతో 2023లో విడుదలైన కొత్త పటంలో దేశంలోని దాదాపు సగం ప్రాంతం అర మండలం మేర వెచ్చని వైపునకు మారింది. జంట నగరాలలోని కొంత భాగం ఇప్పుడు 5వ మండలంలో చేరింది. అయితే ఈ పటం సగటులను మాత్రమే చూపుతుంది. నలభై ఏళ్లు బతకవలసిన చెట్టును ఒక మండలం చల్లని ప్రాంతానికి తగినదిగా ఎంచుకోవడం విజ్ఞత.

చెట్లు మైనస్ 30 డిగ్రీలలో ఎలా బతుకుతాయి? పగటి వేళలు తగ్గడం, ఆపై తేలికపాటి చలి తగలడం వల్ల అవి క్రమంగా చలికి అలవాటుపడతాయి. కణాల మధ్య ఖాళీలలో మంచు ఏర్పడి, కణాల లోపలి నీరు బయటకు వస్తుంది. లోపల చక్కెరలు చిక్కబడతాయి. కొన్ని వృక్షాల దారు కణాలలో నీరు సుమారు మైనస్ 40 డిగ్రీల వరకు గడ్డకట్టకుండా ద్రవరూపంలోనే నిలుస్తుంది. ఆగస్టు చివర నత్రజని వేస్తే లేత చిగుళ్లు వచ్చి, ఈ సన్నద్ధత దెబ్బతింటుంది. వేర్లకు కొమ్మలంత సహనశక్తి లేదు. నేల, దానిపై మంచు దుప్పటి వాటిని కాపాడతాయి. కాబట్టి నేలలో చక్కగా బతికే పొదను కుండీలో నాటి పాటియోపై ఉంచితే చలికాలంలో చనిపోవచ్చు.

శీతల ప్రాంతంలో మొక్కల ఎంపిక వెనుక దీర్ఘమైన ప్రజనన కృషి ఉంది. పీటర్ గిడియన్ అనే రైతు మినియాపోలిస్‌కు పశ్చిమాన మినెటోంకా సరస్సు తీరంలో అనేక సంవత్సరాలు చెట్లను చలికి కోల్పోయి, చివరకు నిలదొక్కుకున్న ఒక ఆపిల్ మొక్కకు 1868లో తన భార్య పేరిట 'వెల్తీ' అని పేరుపెట్టాడు. మినెసోటా విశ్వవిద్యాలయం 1922లో హారల్సన్, 1991లో హనీక్రిస్ప్ ఆపిల్ రకాలను విడుదల చేసింది. ఆ విశ్వవిద్యాలయమే రూపొందించిన నార్తర్న్ లైట్స్ అజేలియా పొదల పూమొగ్గలు మైనస్ 34 డిగ్రీలను సైతం తట్టుకుంటాయి. చాన్‌హాసెన్‌లో 1958లో నెలకొల్పిన వృక్ష ఉద్యానవనంలో ఇటువంటి మొక్కలను ప్రజలు స్వయంగా చూసి ఎంచుకోవచ్చు. అది మన ప్రదర్శనా క్షేత్రం వంటిదే.

మా తమ్ముని ఆవరణకు స్థానిక జాతులకే ప్రాధాన్యమిచ్చాము. నీడకు బర్ ఓక్, పొదలుగా ఎర్రకొమ్మల డాగ్‌వుడ్, నైన్‌బార్క్, సర్వీస్‌బెర్రీ, మళ్లలో లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి, ఊదా కోన్‌ఫ్లవర్ ఎంచుకున్నాము. డాగ్‌వుడ్ ఎర్రని కొమ్మలు ఐదు నెలలపాటు తెల్లని మంచు నడుమ కంటికి ఆనందాన్నిస్తాయి. ఒకే జాతిని వరుసగా నాటడం ప్రమాదకరం. యాష్ చెట్లను నాశనం చేసే మరకత వర్ణపు కాండం తొలుచు పెంకుపురుగు 2002లో మిషిగన్‌లో, 2009లో సెయింట్ పాల్‌లో కనుగొనబడింది. అప్పటి నుంచి వీధుల పొడవునా ఉన్న యాష్ వరుసలను తొలగించవలసి వచ్చింది.

చూరు నీటిని మళ్లించిన చోట వాన తోట ఏర్పాటు చేశాము. అనగా ఇంటికి కనీసం పది అడుగుల దూరంలో, నీరు రెండు రోజులలోపు ఇంకిపోయేలా తీర్చిన పల్లపు పూలమడి. జంట నగరాల శివారులోని బర్న్స్‌విల్ పట్టణంలో ఒక వీధిలో 17 వాన తోటలు ఏర్పాటు చేసినప్పుడు, వీధి నుంచి సరస్సులోనికి పారే వాననీరు సుమారు 90 శాతం తగ్గింది.

చలికాలపు సంరక్షణ

- చెట్టును నాటేటప్పుడు వేరు మొదలు నేల మట్టంలో కనబడాలి, లోతుగా పూడ్చరాదు.
- శరదృతువులో నేల గడ్డకట్టే వరకు సతతహరిత మొక్కలకు నీరు పెట్టాలి. చలికాలపు ఎండ, గాలి ఆకుల తేమను హరిస్తాయి. గడ్డకట్టిన నేల నుంచి వేర్లు నీటిని అందించలేవు. ఆకులు గోధుమ రంగుకు మారడానికి కారణం ఇదే.
- పలుచని బెరడు ఉన్న మేపుల్, లిండెన్ లేత చెట్ల కాండానికి నవంబరులో తెల్లని తొడుగు చుట్టి, ఏప్రిల్‌లో తీసివేయాలి. మధ్యాహ్నపు ఎండకు నైరుతి వైపు బెరడు వేడెక్కి, సూర్యాస్తమయంతో ఒక్కసారిగా చల్లబడి పగులుతుంది.
- కుందేళ్లు, ఎలుకజాతి ప్రాణులు బెరడు కొరకకుండా, మంచు పేరుకొనే ఎత్తుకు మించి ఇనుప జాలీ కట్టాలి.
- చెక్కముక్కల ఆచ్ఛాదన రెండు నుంచి నాలుగు అంగుళాలు వేయాలి, కాండానికి తగలనీయరాదు.
- కొత్తగా నాటిన చిన్న మొక్కలను కూడా ఉబ్బే నేల పెకలిస్తుంది. వసంతంలో తనిఖీ చేసి, లేచిన వాటిని తిరిగి అదిమి నాటాలి.

మన నల్లరేగడి నేలలతో పోలిక

ఈ విషయమంతా పరదేశపు ముచ్చటగా తోచవచ్చు. కాని నల్లరేగడి నేలపై ఇల్లు కట్టుకున్న ఏ కుటుంబాన్ని అడిగినా గోడల పగుళ్లు, లేచిన గచ్చు, బిగుసుకున్న తలుపుల గురించి చెబుతుంది. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ మాంట్‌మోరిల్లొనైట్ ఖనిజం చేస్తుంది. తడిసి ఉబ్బి, ఎండి నెర్రెలిచ్చే ఆ నేల ఇంటి కింద ఏటా లేచి కుంగుతుంది. నిర్మాణాన్ని పైకెత్తే బలం వేరైనా, రెండుచోట్లా దానిని నడిపించేది నీటి రాకపోకలే.

పరిష్కారాలు కూడా ఒకదానినొకటి పోలి ఉన్నాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి నేలల కోసం అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్ పునాది, తేమ మారని లోతు వరకు దిగి, అడుగున ఉబ్బెత్తుగా విస్తరించి లంగరువలె పట్టుకుంటుంది. మినెసోటా డెక్కు స్తంభపు వెడల్పాటి అడుగు చేసే పని ఇదే. ఉబ్బే మట్టిని కొంత లోతు తీసివేసి, ఉబ్బని గ్రావెల్ నింపి గట్టిపరచడం అక్కడి కంకర పునాదికి సమానం. ఇంటి చుట్టూ వాలుగా గచ్చు వేసి నీటిని దూరంగా పంపడం రెండుచోట్లా మొదటి సూత్రం. మా ఇంటి ముందు ఇసుకపై వేసిన బ్లాకులు పదిహేనేళ్లు నిలిచింది నా పనితనం వల్ల కాదు. మాది ఎర్ర చెల్క నేల కావడం వల్ల. అదే పద్ధతిని ఇరవై కిలోమీటర్ల దూరంలోని నల్లరేగడిలో సూచించినా విఫలమయ్యేది. మినియాపోలిస్ దాకా వెళ్లనవసరం లేకుండానే ఆ పాఠం నాకు తెలిసి ఉండవలసింది.

ముగింపు

మళ్లీ వేసిన పాటియోను రెండు చలికాలాల తరువాత 2025 ఏప్రిల్ చివర రసమట్టంతో పరిశీలించాను. ఒక మూల పావు అంగుళం కుంగింది; మిగిలిన భాగం స్థిరంగా ఉంది; వాలు ఇంటికి దూరంగానే ఉంది. అయితే 2023-24 చలికాలం జంట నగరాలలో నమోదైన వాటిలో అత్యంత వెచ్చనిది. దానిని పరీక్షగా పరిగణించరాదు. కనుక నా వద్ద ఉన్నది ఒక చలికాలపు ఫలితమే. క్షేత్ర ప్రయోగాలలో ఒక సంవత్సరపు దిగుబడితో మనం సిఫార్సు చేయము. ఇక్కడా అదే నియమం వర్తిస్తుంది. కుంగిన మూలలో నాలుగు బ్లాకులు లేపి, ఇసుక సరిచేసి, తిరిగి అమర్చడానికి ఒక పూట పట్టింది.

అత్తయ్యగారు ఈసారి కూడా అక్కడే ఉన్నారు. పాటియోపై అడుగుపెట్టే ముందు ఆగి, "బాబూ, ఈసారి కింద ఏమేం వేశారో చెప్పండి" అని అడిగారు. కంకర, వస్త్రం, వాలు, గొట్టం వరుసగా వివరించాను. అంతా విని, కుదుటపడిన చేతితో కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

సిఫార్సును అందుకొనే ప్రతి రైతుకూ ఆ ప్రశ్న వేసే హక్కు ఉంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఎక్కడికి వెళ్లినా మొదట మూడు విషయాలు తెలుసుకోవాలి: అక్కడి నేల ఎటువంటిది, నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది, సంవత్సరంలో ఆ నేల ఎంత లోతు వరకు కదులుతుంది. అక్కడ పనిచేస్తున్న మేస్త్రీ లేదా రైతు మన లెక్కకు భిన్నమైన మాట చెప్పినప్పుడు, దానిని ఖర్చు పెంచే మాటగా కొట్టివేసే ముందు, కారణమేమిటని అడగాలి. 2022 జూలైలో నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.